కడలిలో విడిచివచ్చిన పని

1991వ సంవత్సరమున కేరళమందలి విళింజము రేవులో మద్రాసు ఐ.ఐ.టి. పండితులు అలలనుండి విద్యుచ్ఛక్తిని తీసి చూపిరి. అలకట్ట చెంత సముద్రమున పెద్ద కాంక్రీటు గది నొకదానిని నిలిపిరి. అల చొచ్చినపుడు లోని నీరు లేచి గాలిని వెలికి నెట్టును. అల వెనుదీసినపుడు గాలి మరల లోనికి వచ్చును. గాలి యెటు వీచినను ఒకే దిక్కునకు తిరుగు చక్రమును దానిపై నమర్చిరి. దాని శక్తి 150 కిలోవాట్లు. లోకమున నిట్టి ప్రయత్నములు వ్రేళ్లపై లెక్కింపదగినన్నియే యున్న కాలమది. పిదప ఉప్పునీటిని మంచినీరు చేయు ప్రయోగమును అచటనే జరిగెను. 2011లో ఆ కేంద్రము మూతపడినది.

కష్టములు లేకపోలేదు. వానకారున అల లుప్పొంగును, తక్కినపుడు మందగించును. ఉప్పుగాలి ఇనుమును తినివేయును. కాని యివి తెలిసికొనుటకే కదా ప్రయోగము! తొలియేడు పంట పలుచనైనదని పొలమును బీడుపెట్టిన రైతు నేమందుము?

ఫ్రాన్సువారు రాన్స్ నదీముఖమున కట్ట గట్టి 1966లో ప్రారంభించిన 240 మెగావాట్ల కేంద్రము నేటికిని ఆటుపోట్లతో నడచుచున్నది. (కట్టునపుడు నదీముఖమును మూసినందున జలచరములు నశించి, కోలుకొనుటకు ఏండ్లు పట్టెను. ఆ పాఠమును మరువరాదు.) విళింజము మూతపడిన 2011లోనే దక్షిణ కొరియా సిహ్వా కట్టకు 254 మెగావాట్ల కేంద్రమును జేర్చి, అంతకుమున్ను కలుషితమై యున్న సరస్సులోనికి సముద్రజలమును మరల పారించినది.

ఆ యేడే గుజరాతు ప్రభుత్వము కచ్ఛ సింధుశాఖలో 50 మెగావాట్ల కేంద్రమునకు అనుమతి నిచ్చెను, అది లేవనేలేదు. సుందరవనములలో దుర్గాదువాని యొద్ద తలపెట్టినదియు ఖర్చు హెచ్చని విరమింపబడెను. కాగితముపై మాత్రము మన ఆటుపోట్ల శక్తి 12,455 మెగావాట్లు! 2019లో కేంద్రప్రభుత్వము సముద్రశక్తిని పునరుత్పాదకశక్తిగా ప్రకటించినది. ప్రకటనలకు చక్రములు తిరుగునా?

ఎండయు గాలియు చౌకగా నుండ కడలి యేల యని కొందరందురు. రాత్రి యెండ లేదు, గాలి చెప్పిరాదు. ఆటుపోట్ల వేళలనో, పంచాంగమువలె ముందే గుణింపవచ్చును.

అయినను ఆంధ్రులు భ్రమపడవలదు. రాన్స్‌లో పోటుకును ఆటుకును నడుమ భేదము సగటున 8 మీటర్లు. విశాఖలో రెండు మీటర్లైనను ఉండదు. అట్టి కట్ట యిచట వృథావ్యయము. మన అలలును పడమటి తీరపు అలలకంటె మందమే. కావున కేంద్రప్రభుత్వము మొదట పడమటి రేవులలో నొకదాని అలకట్టకు విళింజము వంటి గదిని మరల జేర్చి, పదియేండ్లకు సరిపడు ధనమును ఒక్కసారియే కేటాయించి, ప్రతిమాసపు లెక్కను ప్రజలకు వెల్లడింపవలయును. వలలు వేయు పల్లెవారి రాకపోకలకు అడ్డురాని తావును వారి నడిగియే యెంచవలయును.