గూడుబండికి కందెన

కిందటి వారం ఓ మిత్రుడు ఫోను చేసి, "మీ దగ్గర ఆ తోకబండి ఒకటుంది కదండీ, అలాంటిదే పాతది ఒకటి చవగ్గా వస్తోంది, కొనమంటారా, వద్దంటారా?" అని అడిగారు. ఓపికగా వినే మనిషే గానీ, నా జవాబు ఫోనులో ఇమిడేది కాదు. అందుకే ఈ టపా.

ముందుగా పేరు సంగతి. ఇక్కడివాళ్ళు ట్రావెల్ ట్రెయిలర్ అంటారు. కారు వెనుక తగిలించుకుని లాక్కుపోయే చిన్న ఇల్లు అది. ఒక మంచం, రెండు పొయ్యిల స్టవ్వు, చిన్న ఫ్రిజ్, నిలబడితే మోచేతులు గోడలకు తగిలే స్నానాలగది. దీనికి మనం కొత్త మాట పుట్టించనక్కరలేదు. పూర్వం మన పల్లెల్లో వెదురు తడికతో పైన గూడు కట్టి, ఆడవాళ్ళనీ పిల్లలనీ కూర్చోబెట్టుకుని తిరునాళ్ళకు వెళ్ళే ఎడ్లబండిని గూడుబండి అనేవారు. నేనూ ఆ మాటే వాడుకుంటున్నాను. సరదాకి పెట్టిన పేరే అయినా, ఏళ్ళ తరబడి దీనితో కాపురం చేశాక, పోలిక పేరుతో ఆగలేదని తెలిసివచ్చింది.

నా అభిప్రాయం దాచుకోకుండా మొదటే చెప్పేస్తాను. పాత గూడుబండిని తిరగడానికని కొనేవాడు నష్టపోతాడు. చూసుకోవడానికని కొనేవాడికి తిరగడం లాభంగా మిగులుతుంది.

ఇప్పుడు చవగ్గా ఎందుకు వస్తున్నాయో అందరికీ తెలిసిందే. కరోనా కాలంలో విమానాలూ హోటళ్ళూ వద్దనుకున్న జనం వీటి మీద పడ్డారు. 2021లో ఇక్కడ ట్రెయిలర్లూ మోటారు ఇళ్ళూ అన్నీ కలిపి సుమారు 6 లక్షలు తయారై అంగళ్ళకు చేరాయి. 2023 నాటికి ఆ లెక్క 3 లక్షల పైచిలుకుకు దిగిపోయింది. ఆ వేడిలో కొన్నవాళ్ళలో చాలామందికి మోజు తీరింది. వాళ్ళ వాకిళ్ళలో టార్పాలిన్ల కింద నానుతున్న బళ్ళే ఇప్పుడు మనకు చవగ్గా దొరుకుతున్నవి. ‘నానుతున్న’ అన్న మాట ఊరికే వాడలేదు.

గూడుబండికి మొదటి శత్రువు నీరు. ఎంత కొత్తగా మెరుస్తున్నా, చాలా బళ్ళ లోపలి అస్థిపంజరం కర్రే. పైకప్పు మీద గాలిగవాక్షం చుట్టూ, కిటికీ అంచుల్లో, మూలల అతుకుల్లో రాసిన సీలెంట్ ఎండకు పగులుతుంది. వెంట్రుకవాసి సందు చాలు. నీరు దిగి, గోడ లోపల కర్రను మెత్తబరుస్తూ పోతుంది. బయట మరక కనబడేసరికి లోపల పని పూర్తయి ఉంటుంది.

నేను కొన్నది 2004లో తయారైన పదహారు అడుగుల బండి. 2017లో కొన్నాను. అమ్మినాయన లోపల గోడలకు తెల్ల రంగు వేయించి, కిటికీలకు పూల తెరలు కట్టించి ఉంచాడు. మేము తెరలు చూసి మురిసిపోయాం. ఇంటికి తెచ్చిన మూడో వారం, వెనుక మూల మంచం కింద కాలు పెడితే నేల మెత్తగా అణిగింది. రంగు గీకి చూస్తే వెనుక ప్లైవుడ్ తడిసిన అటుకుల్లా చేతికి వచ్చింది. మోసపోయాననే అనుకున్నాను చాలాకాలం. ఇప్పుడు తలుచుకుంటే సగం తప్పు నాదే. ఆయన దాచింది నిజమే, నేను వంగి చూడనిదీ నిజమే. ఒక్కసారి మోకాళ్ళ మీద కూర్చుని, మూలమూలా బొటనవేలితో నొక్కి చూసి ఉంటే సరిపోయేది. తేమను కొలిచే చిన్న పరికరం కూడా ఏమంత ఖరీదు కాదు.

ఆ మూల బాగుచేయడానికి రెండు వేసవులు పట్టింది. అప్పటినుంచీ ఏడాదికి రెండుసార్లు నిచ్చెన వేసుకుని పైకప్పు చూస్తాను, మంచు కరిగాక ఒకసారి, మళ్ళీ మంచు పడబోయే ముందు ఒకసారి. పాత అతుకులు విప్పితే బ్యూటైల్ టేపు, పైన ఆ కప్పుకు సరిపడే సీలెంట్. ఎవరైనా సిలికోన్ పూయమంటే వినకండి. తరువాత దాని మీద మరేదీ అంటదు.

ఇక రెండోది ఇరుసు. సుమతీ శతకంలో కరణాల గురించిన పద్యంలో ఇరుసుకు కందెన పెట్టే ముచ్చట వస్తుంది గుర్తుందా? బడిలో బట్టీ పట్టినప్పుడు మనలో ఎంతమందికి కందెన అంటే ఏమిటో తెలుసు? నాకైతే ఈ బండి చక్రం విప్పి, బేరింగుల్లోంచి నల్లబడిన పాత గ్రీజు తుడిచి, కొత్తది అరచేతిలో పెట్టి కూరిననాడు ఆ మాట అర్థమైంది. ఏడాదికొకసారో, పది పన్నెండు వేల మైళ్ళకొకసారో ఆ పని చేయవలసిందే. చేయకపోతే బేరింగు వేడెక్కి అరిగి, చక్రమే ఊడి దారిన పోయేవాళ్ళ మీదికి దొర్లుతుంది.

టైర్ల విషయంలోనూ కళ్ళను నమ్మకూడదు. గూడుబండి టైర్లు అరిగి పోవు, ముసలివై పోతాయి. ఏడాదిలో పది నెలలు కదలకుండా నిలబడి ఉండటమే వాటికి చేటు. టైరు పక్కన అచ్చువేసిన వరుసలో చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో ఇరవైమూడో వారంలో తయారైందని అర్థం. గాడి ఎంత లోతుగా ఉన్నా ఐదారేళ్ళు దాటితే మార్చెయ్యడం మేలు.

బరువు సంగతి నేను కష్టపడి నేర్చుకున్నాను. మనవాళ్ళ ఇళ్ళముందు కనబడే మినీవ్యాన్లు సాధారణంగా 3500 పౌండ్ల వరకే లాగుతాయి. బండి ఖాళీ బరువు 2700 అని చూసి సంబరపడకూడదు. గ్యాలను నీళ్ళే 8 పౌండ్ల పైన తూగుతాయి. దాని మీద బియ్యం, ఇడ్లీపాత్ర, కుక్కరు, పరుపులు, మనుషులు. మరో సూక్ష్మముంది. బండి మొత్తం బరువులో పదినుంచి పదిహేను శాతం ముందుకు, అంటే కారుకు తగిలించే నొగ మీదికి, రావాలి. మేము ఒకసారి సామానంతా వెనుక మంచం కింద కుక్కి, వెనుకే సైకిళ్ళు కూడా కట్టుకుని బయలుదేరాం. హైవే మీద ఓ పెద్ద లారీ పక్కనుంచి దాటిపోయేసరికి బండి పాముతోకలా అటూ ఇటూ కొట్టడం మొదలుపెట్టింది. కారు బ్రేకు తొక్కితే ఇంకా ప్రమాదం. యాక్సిలరేటరు మీద కాలు తీసి, ట్రెయిలరు బ్రేకులు మాత్రం చేత్తో నొక్కి, ఎలాగో నిలదొక్కుకున్నాం. వెనుక సీట్లో పిల్లలు నిద్రపోతున్నారు. లేవలేదు.

ఆ రాత్రి నాకు మా ఊళ్ళో బండి తోలే పెద్దాయన గుర్తొచ్చాడు. బస్తాలు ఎక్కించాక నొగలు ఒకసారి ఎత్తి చూసేవాడు. బరువు ముందుకుంటే ఎద్దుల మెడలు నలుగుతాయి, వెనక్కుంటే కాడి పైకి లేచి పలుపులు గొంతుకు బిగుస్తాయి. ఒక బస్తా ముందుకు జరిపించి, మళ్ళీ ఎత్తి చూసి, తల ఊపేవాడు. రెండు చక్రాల బండికి ఆయన లెక్కే ఇప్పటికీ లెక్క. ఇంజనీరింగు చదివినవాణ్ణి నేను, ఆ లెక్క తప్పినవాణ్ణీ నేనే.

లోపలి యంత్రాలలో నాకు మిక్కిలి ఇష్టమైనది ఫ్రిజ్. మా బండిలోనిది పాతరకం, దానికి కంప్రెసరు లేదు. చిన్న గ్యాసుమంటతో అమ్మోనియాను కాచి చల్లదనం పుట్టిస్తుంది. 1922లో స్టాక్‌హోంలో ప్లాటెన్, మున్‌టెర్స్ అనే ఇద్దరు విద్యార్థులు కనిపెట్టిన పద్ధతి అది. మంట పెట్టి పెరుగును చల్లగా ఉంచే విద్య! కానీ బండి సమతలంగా నిలబడకపోతే అది పనిచేయదు, పాడైపోతుంది కూడా. అందుకే బండి ఆపగానే మొదట చేసేది చక్రాల కింద చెక్కలు పెట్టి మట్టం చూసుకోవడం.

గ్యాసు విషయంలో మాత్రం కవిత్వం పనికిరాదు. అతుకుల దగ్గర సబ్బునురుగు రాసి బుడగలు వస్తాయేమో చూడాలి. ప్రొపేన్ గాలికన్నా బరువు, నేలమీద పరుచుకుంటుంది. అందుకే దాన్ని పసిగట్టే పరికరాన్ని నేలకు దగ్గరగా బిగిస్తారు. పొగ, కార్బన్ మోనాక్సైడ్ పరికరాలు వేరే ఉండాలి. వీటన్నిటికీ గడువు తేదీలుంటాయి. మనవాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట: పోపు పెట్టగానే పొగ పరికరం కూస్తుంది. విసుగొచ్చి దాని బ్యాటరీ పీకేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. పై గవాక్షం తెరిచి, ఫ్యాను వేసి, పోపు పెట్టుకోండి. ఎలాగూ అన్నం ఉడికిన ఆవిరి బయటికి పోవలసిందే, లేకపోతే అదీ గోడల్లోకే చేరుతుంది.

ఇక ఎవరూ మాట్లాడని పని. మరుగుదొడ్డి కింద ఉండే తొట్టిని మూడు నాలుగు రోజులకొకసారి ఖాళీ చేయాలి. క్యాంపుల దగ్గర అందుకు కేటాయించిన చోటికి బండి తీసుకెళ్ళి, గొట్టం తగిలించి, మీట లాగాలి. మొదటిసారి నేను చేతితొడుగులు వేసుకుని ఓ పావుగంట నిలబడిపోయాను. ఇదేమంత ఘనకార్యం కాదు. తొడుగులున్నాయి, నీళ్ళున్నాయి, పది నిమిషాల పని. కానీ నా చిన్నతనంలో మా ఇంటి పెరటి గుమ్మంలోంచి వచ్చి, ఏ తొడుగులూ లేకుండా ఆ పని చేసి వెళ్ళిన మనిషి పేరు నాకు తెలియదు. మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ పని చేయించడాన్ని నిషేధిస్తూ మన దేశంలో 1993లో ఒక చట్టం, అది చాలక 2013లో మరొకటి వచ్చాయి. నేను చదివిన పుస్తకాలేవీ నన్ను అక్కడ అంతసేపు నిలబెట్టలేదు. గూడుబండి కొనాలనుకునేవారు ఈ పనికి సిద్ధపడాలి. ఇంటాయన ఒక్కడే కాదు, ఎదిగిన పిల్లలు కూడా వంతులవారీగా చేయాలని నా పట్టుదల.

ఇంత తద్దినం దేనికి, హాయిగా హోటల్లో దిగొచ్చు గదా అంటారు మా బావగారు. ఆయన లెక్క తప్పు కాదు. బండి ఖరీదు, బీమా, టైర్లు, మరమ్మతులు, పెరిగిన పెట్రోలు ఖర్చు, క్యాంపు అద్దె కలిపి, వాడిన రాత్రులతో భాగిస్తే హోటలే చవక. డబ్బు మిగులుతుందని చెప్పి బండి అమ్మజూపేవారిని నమ్మకండి. నేను చెప్పగలిగింది ఇంతే. లడింగ్‌టన్ దగ్గర మిషిగన్ సరస్సు ఒడ్డున, అర్ధరాత్రి రేకు మీద వాన పడుతుంటే, ఆ వెనుక మూల చేత్తో తడిమి చూసి, పొడిగా ఉందని మళ్ళీ ముసుగుతన్ని పడుకోవడంలో ఒక తృప్తి ఉంది. హోటలు గదిలో వాన నాకు సంబంధించిన విషయం కాదు. అక్కడ సంబంధించిన విషయం. మనలో చాలామందిని తల్లిదండ్రులు చేతికి మట్టి అంటకూడదనే చదివించారు. వాళ్ళ కష్టం నాకు తెలుసు, తప్పు పట్టను. కానీ చేతికి మట్టి అంటని చదువు ఎక్కడో సగంలో ఆగినట్టే అనిపిస్తుంది నాకిప్పుడు.

చివరిగా, నాదొక మొండి వాదన. ప్రతి బండికీ ఒక నోటుపుస్తకం ఉండాలి. ఏ తేదీన కందెన పెట్టాం, ఏ మూల కారింది, దేనితో అతికాం, చలికాలం ముందు గొట్టాల్లో నీళ్ళు వదిలేసి గులాబీరంగు ద్రవం ఎప్పుడు నింపాం, ఏ ఏడు మరిచిపోయి గొట్టం పగలగొట్టుకున్నాం, అన్నీ రాయాలి. మన తప్పులు ముఖ్యంగా రాయాలి. బండి అమ్మేనాడు తాళంచెవితోపాటు ఆ పుస్తకమూ ఇవ్వాలి. ధర తగ్గుతుంది, తగ్గనీయండి. పాడైన చోట రంగు పూసి అమ్మితే, మోసపోయేది కొన్నవాడి డబ్బు ఒక్కటే కాదు. ఆ చెక్క మీద పడుకునేది వాళ్ళ పిల్లలు. నా పుస్తకం నూట పన్నెండో పుటలో ఉంది. మొదటి పుటలో ఆ తెల్లరంగు మూల కథే రాశాను.

కాబట్టి మిత్రమా, మీ ప్రశ్నకు జవాబు ఇది. కొనండి. అయితే చిన్నది కొనండి, మీ కారు మోయగలిగినదానికన్నా బాగా తక్కువ బరువున్నది. నిచ్చెన ఎక్కే ఓపికా, తొట్టి ఖాళీ చేసే ఓపికా ఉంటేనే కొనండి. చూడటానికి మాత్రం ఎండరోజు వెళ్ళకండి, బాగా వాన కురిసిన మర్నాడు వెళ్ళండి. తెరలు పక్కకు తీసి, మోకాళ్ళ మీద కూర్చుని, మూలలు నొక్కి చూడండి.

నొగ, ఇరుసు, కందెన దొరికాయి గానీ, హిచ్ అనేదానికి సరైన మాట నాకింకా తట్టలేదు. బండి తోలిన పెద్దలెవరైనా మీ ఇళ్ళలో ఉంటే కాస్త అడిగి చెబుదురూ.