నీళ్లు మారాయి, బాధ్యత తీరలేదు

నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ పేరు వినగానే గుర్తుకొచ్చే ఫ్లోరోసిస్, అంటే ప్రధానంగా భూగర్భ జలాల్లోని ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఒంట్లో చేరి పళ్లను గారపట్టించి, ఎముకలను, కీళ్లను బిగదీసే దీర్ఘకాలిక వ్యాధి, పేదల నీటిలోనే కాదు, పేదల గాలిలోనూ పొంచి ఉంటుందని చైనాలోని గ్విజౌ ప్రాంతం చెబుతుంది; అక్కడ ఇళ్లలో కాల్చే బొగ్గు పొగలోని ఫ్లోరైడ్, ఆ పొగపై ఆరబెట్టిన మొక్కజొన్న, మిరపకాయల ద్వారా ఇదే వ్యాధి వ్యాపించింది.

నల్లగొండ రోగుల బాధను లోకానికి తెలిపినవారిలో వైద్య పరిశోధకులూ ఉన్నారు. 1955లో ఎ.హెచ్. సిద్దిఖీ ఈ జిల్లా ఫ్లోరోసిస్‌ను బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో నమోదు చేయగా, 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఫ్లోరైడ్ ప్రాంతాల్లో మోకాళ్లు లోపలికి వంగిపోయే వైకల్యాన్ని లాన్సెట్ పత్రికలో వివరించారు, న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి వెన్నుపాముపై ఈ వ్యాధి తెచ్చే ఒత్తిడిని అధ్యయనం చేశారు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తొలగించే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టింది.

తెలంగాణ ప్రభుత్వ తాగునీటి పథకం మిషన్ భగీరథతో కృష్ణా జలాలు ఇంటింటికీ చేరడం గొప్ప మేలే అయినా, వంగిన ఎముకలు మంచినీటితో తిరిగి నిటారు కావు గనుక, బాధితులకు జీవితకాల వైద్యం, పింఛను, పునరావాసం అందించడం, పొలాల్లో తాగే బోరునీటిని క్రమం తప్పక పరీక్షించడం, ఫ్లోరోసిస్‌పై పరిశోధనను యువ వైద్యులు అందిపుచ్చుకునేలా నిధులు ఇవ్వడం ప్రభుత్వం తీర్చవలసిన రుణం.