ఎవరు చూస్తారని దువ్వుకోవాలి?

మా ఇంట్లో నెల రోజులుగా ఒకటే జగడా. మా బేటీకి పదమూడేళ్లు. జుట్టు భుజాల దాకా కత్తిరించుకుంటానంటోంది. వాళ్ల దాదీ "తౌబా తౌబా" అంటూ చెంపలు వేసుకుంటోంది. మధ్యలో నేను.

అసలు జుట్టుతో మన రిష్తా పుట్టిన ఏడో రోజే మొదలవుతుంది. అఖీఖా నాడు బిడ్డకు గుండు చేయించి, ఆ వెంట్రుకల బరువుకు సరిపడా వెండి ఖరీదు సదఖా ఇస్తాం. గుప్పెడు కూడా లేని ఆ మెత్తటి వెంట్రుకలకు అంత ఖదర్! మరి ఆ ఖదర్ తర్వాత ఎటు పోతుంది?

నా చిన్నప్పుడు జుమేరాత్ రాత్రి నానీ కొబ్బరినూనె వెచ్చచేసి మాడుకు పట్టించేది. జుమా పొద్దున కుంకుడుకాయ రసంతో తలంటు. కళ్లు మండి ఏడిస్తే నాలుక మీద ఉప్పుగల్లు పెట్టేది. ఎందుకో ఇప్పటికీ తెలీదు, ఏడుపు మాత్రం ఆగేది.

పన్నెండేళ్లకు స్కార్ఫ్ వచ్చింది. దాంతో నూనె, చోటీ, అద్దం అన్నీ బంద్. "లోపలే కదా, ఎవరు చూస్తారే" అనేది అమ్మీ. పాపం, తన తప్పేమీ లేదు, నలుగురు పిల్లల్ని స్కూలుకు పంపాలి. తడి జుట్టునే బిగించి ముడేసి, పైన స్కార్ఫ్ చుట్టి పిన్నులు గుచ్చేది. సాయంత్రానికి ముక్కవాసన, చుండ్రు, దురద. పక్క బెంచీ అమ్మాయి రెండు జడల్లో కనకాంబరాలు చూసి, పర్దా నా జుట్టును లాగేసుకుందని కుళ్లుకునేదాన్ని. లాగేసుకుంది పర్దా కాదు, మన బేపర్వాహీ అని అర్థమయ్యేసరికి నాకు పెళ్లయింది. కాన్పు తర్వాత జుట్టు కుచ్చులుగా రాలింది. ఇప్పుడు పాపిట్లో తెలుపు, దాని మీద మెహందీ.

దీన్ ఎక్కడా జుట్టును గాలికొదిలేయమనలేదు. చెదిరిన జుట్టుతో కనిపించిన ఒక మనిషిని చూసి, సరిచేసుకోవడానికి ఇతనికేమీ దొరకలేదా అని ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) అడిగారు. గుస్ల్ కోసం గట్టిగా అల్లిన జడ విప్పాలా అని ఉమ్మె సలమా (రజి) అడిగితే అక్కర్లేదన్నారు. ఆడవాళ్ల జడ కష్టాన్ని అంతగా ఖయాల్ చేసిన దీన్ మనది. కప్పుకోవడం వేరు, పట్టించుకోకపోవడం వేరు. మనం పిల్లలకు మొదటిది నేర్పుతూ రెండోదీ నేర్పేస్తున్నాం.

కొడుకుల సంగతి చూడండి. పక్కలు పూర్తిగా గొరిగించి నడినెత్తిన తుట్టె వదిలేసి సెలూన్ నుంచి వస్తారు. తలలో కొంత గొరిగి కొంత వదలడాన్ని హదీసు సాఫ్‌గా మనా చేసింది. అక్కడ ఏ దాదీ తౌబా అనదు! కూతురు నాలుగు అంగుళాలు కత్తిరిస్తానంటే మాత్రం ఖయామత్.

ప్రవక్త సతీమణులు తమ జుట్టును చెవుల దాకా వచ్చేలా కత్తిరించుకునేవారని సహీహ్ ముస్లింలో రివాయత్ ఉంది. మగవాళ్ల నఖల్ కాకుండా ఉంటే నాకు ఎతరాజ్ లేదు. ఆ మాటే మా అత్తమ్మకు చెప్పాను. జవాబు రాలేదు.

మొన్న జుమేరాత్ రాత్రి నూనె గిన్నె పట్టుకొచ్చి మంచం మీద కూర్చుంది. "కోసుకుంటే కోసుకో, ముందు ఇలా రా" అంది మనవరాలితో.