దిగివచ్చే రోజుల లెక్కేది?

మన చేవెళ్ల, మొయినాబాద్ యౌవనస్థులు హిమాలయ శిఖరం ఎక్కుతామని లెక్క రాసి తెచ్చారు. టికెట్లు, బూట్లు, జెండా అన్నీ ఉన్నాయి. మంచు తుఫాను వస్తే ఆగే రోజులు లేవు, దిగివచ్చే రోజులూ లేవు!

2014 మే 25న మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కారు. అప్పటికి పూర్ణకు 13 ఏళ్లే. ఆ ఫొటో అందరం చూశాం. దాని వెనుక భువనగిరి బండ మీద తాడుతో సాధన, డార్జిలింగ్ శిక్షణ, లద్దాఖ్ చలి ఉన్నాయి.

అందుకే మేము ముందు భువనగిరి పొమ్మంటున్నాం. తాడు మీద ఎక్కడమే కాదు, దిగడమూ నేర్చుకోండి. శిఖరం కళ్లెదుటే ఉన్నా ఏ గంటకు వెనుదిరగాలో ఇక్కడే, మీ తల్లుల ముందు రాసివ్వండి. అప్పుడు చందా మేమే మొదలుపెడతాం. జెండా (కుట్టింది మన స్త్రీల సమాజమే) అంతవరకు మా దగ్గరే ఉంటుంది.