గాలి సూర్యుణ్ని కిందికి దించగలదా?

బల్లపరుపు భూమి మీద సూర్యాస్తమయం కుదరదు. భూమి బల్లపరుపుగా ఉందని వాదించేవాళ్లకూ ఈ చిక్కు తెలుసు. వాళ్ల పటంలో ఉత్తర ధ్రువం నడిమధ్యన ఉంటుంది. సుమారు 5,000 కిలోమీటర్ల ఎత్తులో ఒక చిన్న సూర్యుడు నేలకు సమాంతరంగా గుండ్రంగా తిరుగుతుంటాడు. అంత ఎత్తున తిరిగేవాడు సాయంత్రానికి సముద్రంలోకి దిగుతున్నట్టు ఎందుకు కనిపించాలి? గాలి వెలుతురును వంచి అలా చూపిస్తోందని, అది వాతావరణ వక్రీభవనమని జవాబు చెబుతారు. ఈ మాటను నవ్వి కొట్టిపారేయనక్కర్లేదు. గాలి వెలుతురును వంచుతుందన్నది నిజమే. తేలాల్సింది ఎంత, ఎటు అన్నదే.

నేల దగ్గర గాలి వక్రీభవన గుణకం దాదాపు 1.0003. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి ఆ అంకె 1కి చేరుతుంది. వెలుతురు చిక్కటి గాలి వైపు, అంటే నేల వైపు ఒంగుతూ వస్తుంది. కిరణం చివర్లో ఏ దిక్కు నుంచి కంటిని చేరితే వస్తువు ఆ దిక్కునే ఉన్నట్టు తోస్తుంది కాబట్టి, సూర్యుడు ఉన్నచోటి కంటే పైన కనిపిస్తాడు. నడినెత్తిన ఈ తేడా సున్నా. 45 డిగ్రీల ఎత్తులో డిగ్రీలో అరవయ్యో వంతు. క్షితిజం దగ్గర మాత్రం అర డిగ్రీ దాటుతుంది. సూర్యబింబం వెడల్పు కూడా ఇంచుమించు అంతే. అందుకే బింబం కింది అంచు అప్పుడే సముద్రాన్ని తాకినట్టు కనిపించే క్షణానికి అసలు సూర్యుడు పూర్తిగా క్షితిజం కిందికి జారిపోయి ఉంటాడు. ఉదయాస్తమయాల వేళలు కట్టే ఖగోళ గణితం ఈ సవరణను కలుపుకొనే నడుస్తుంది.

అసాధారణంగా చల్లబడిన గాలిలో ఈ వంపు ఇంకా పెరుగుతుంది. ఆర్కిటిక్‌లోని నోవాయా జెమ్లియాలో చిక్కుకుపోయిన డచ్ నావికులు 1597 జనవరి 24న సూర్యుణ్ని చూశారు. లెక్క ప్రకారం ధ్రువప్రాంతపు సుదీర్ఘ రాత్రి ముగిసి అతను రావడానికి ఇంకా రెండు వారాలుంది, అప్పటికి క్షితిజానికి సుమారు 5 డిగ్రీల కింద ఉన్నాడు. అక్కడా గాలి చేసింది సూర్యుణ్ని ఎత్తడమే, దించడం కాదు.

ఇక చదును నేల లెక్క చూడాలి. అస్తమయ వేళకు సూర్యుడు 10,000 కిలోమీటర్ల అవతలి ఊరికి నడినెత్తిన ఉంటాడు. ఎత్తు 5,000, దూరం 10,000 అయితే ఇక్కడివాళ్లకు అతను ఇంకా 26 డిగ్రీలకు పైనే కనిపించాలి. ఆ కోణంలో గాలి తెచ్చే తేడా డిగ్రీలో ముప్పయ్యో వంతు, అదీ పైకి. కావలసింది దానికి 800 రెట్లు, అదీ కిందికి. పైగా నేల చదునైతే గాలి పొరలూ చదునుగానే పరుచుకోవాలి. అప్పుడు వాతావరణం బయటి నుంచి వచ్చే ఏ కిరణమైనా కంటిని చేరేసరికి క్షితిజానికి 1.4 డిగ్రీల పైనే ఉంటుంది, అంతకంటే దిగదు. అంటే సాక్ష్యానికి పిలిచిన వక్రీభవనమే అలాంటి భూమి మీద అస్తమయం జరగదని చెబుతోంది.

వెలుతురు పైకీ వంగుతుంది కదా, ఎండమావులు లేవా అని అడగవచ్చు. ఉన్నాయి. మండువేసవిలో తారురోడ్డును అంటిన గాలి పొర పలచబడి, దాదాపు రోడ్డుకు రాసుకుంటూ వచ్చే కిరణాలను కొద్దిగా పైకి తిప్పుతుంది. ఆ తిప్పడం ఒక డిగ్రీ లోపే. 26 డిగ్రీలు కావాలంటే సూర్యుడుండే ఎత్తు దాకా గాలి నిండి ఉండాలి, అక్కడది నేల మీది గాలికి సుమారు 400 రెట్లు చిక్కగా ఉండాలి. ఎవరెస్టు ఎక్కేవాళ్లు ఆక్సిజన్ సిలిండర్లు మోసుకెళ్లే లోకంలో ఈ మాట నిలవదు.

బింబం కొలతా అడ్డొస్తుంది. చదును నేల లెక్కలో మధ్యాహ్నం నుంచి సాయంత్రానికి సూర్యుడి దూరం రెట్టింపుకు మించి పెరుగుతుంది కాబట్టి, సాయంత్రపు సూర్యుడు మధ్యాహ్నం ఉన్నదాంట్లో సగానికన్నా చిన్నగా కనిపించాలి. నిజానికి వెడల్పు మారదు. కింది అంచును గాలి ఎక్కువగా ఎత్తడం వల్ల నిలువుగా మాత్రం కాస్త నొక్కుకుపోతుంది.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం దిక్కుది. గాలి పొరలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి కాబట్టి వంపు పైకో కిందికో ఉంటుంది తప్ప పక్కకు దాదాపు ఉండదు. శ్రీకాకుళం పక్కనున్న అరసవల్లి సూర్యదేవాలయంలో మార్చి రెండో వారంలోనూ, అక్టోబరు మొదటి రోజుల్లోనూ ఉదయపు కిరణాలు అనివెట్టి మండపం మీదుగా సాగి మూలవిరాట్టును తాకుతాయి. గుడి తూర్పు ముఖంగా ఉంది, ఆ రోజుల్లో సూర్యుడూ తూర్పుకు సుమారు నాలుగు డిగ్రీలు దక్షిణంగా ఉదయిస్తాడు. బల్లపరుపు పటంలో స్కేలు పెట్టి గీస్తే అదే సూర్యుడు తూర్పుకు 37 డిగ్రీలు ఉత్తరంగా, ఈశాన్యానికి దగ్గరగా రావాలి. అటునుంచి వచ్చే ఎండ ఆ గర్భగుడిలోకి చేరదు.