గోపురం కింద కొట్లు

మొజంజాహి మార్కెట్‌ అనగానే మీకేం గుర్తొస్తుంది? మాకైతే సీతాఫలం ఐస్‌క్రీమే!

హైదరాబాద్‌లో 1935లో గ్రానైట్‌తో కట్టిన ఈ మార్కెట్‌ను ఏళ్ల తరబడి రేకుల షెడ్లు, బోర్డులు, వైర్లు కమ్మేశాయి. రాయి అసలు రంగేమిటో కూడా మరిచిపోయాం. అవన్నీ పీకేసి, రాతిని శుభ్రం చేసి, గడియారాన్ని బాగుచేసి 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు. ఇప్పుడు కమానులు కంటికి ఆనుతున్నాయి.

మాకు అంతకన్నా నచ్చిందేమిటంటే, అక్కడ కొట్లు కొట్లుగానే ఉన్నాయి. పండ్ల టోకు వ్యాపారం 1980ల్లోనే తరలిపోయింది. ఉన్న అత్తరు, ఐస్‌క్రీమ్‌ దుకాణాలూ పోతే, ఫొటోలకు తప్ప ఆ గోపురం ఎవరికి కావాలి?

అందుకే ఈసారి వెళ్తే కప్పు ఐస్‌క్రీమ్‌తో సరిపెట్టకండి. ఓ సీసా అత్తరు కూడా కొనండి. బేరమంటారా... మీ ఇష్టం!