అతిథి గదిలో పాత సోఫా

గోదావరి పుష్కరాలు 2027లో రానున్నాయి. సంక్రాంతికి కోనసీమ చూడవచ్చేవారు, దిండిలో పడవ షికారుకు వచ్చేవారు సరేసరి. కనుక మన సహోదరులు కొందరు ఖాళీగా ఉన్న పై వాటానో, తోటలోని ఇంటినో రోజుల లెక్కన అద్దెకివ్వాలని చూస్తున్నారు. మంచిదే. ఆ గదులకు కొత్త సామాను కొనే స్థోమత అందరికీ ఉండదు గనుక పాత సామాను కొట్లకు వెళతారు. అక్కడే కొంచెం ఆగి చూడాలి.

పాతదైనా చెక్కతో అంత భయం లేదు. తాతలనాటి టేకు బీరువా, బల్ల, కుర్చీ అగ్గిపుల్ల పడగానే భగ్గుమనవు. భయమంతా సోఫా లోపలి ఫోముతోనే. పాలియురిథేన్ అనే ఈ ఫోము అంటుకున్నదంటే కొద్ది నిమిషాలలో గది నిండా నల్లని పొగ కమ్ముతుంది. అందులో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సైనైడ్ అనే విషవాయువులుంటాయి. మంట తగలకముందే మనిషి స్పృహ తప్పుతాడు.

1979 మే 8న ఇంగ్లండులోని మాంచెస్టరులో ఉల్‌వర్త్స్ దుకాణంలో ఇటువంటి ఫోము సామాను అంటుకొని 10 మంది చనిపోయారు. అటువంటి ప్రమాదాల తరువాత 1988లో అక్కడ చట్టం చేశారు. సోఫాలు, పరుపులు నిప్పు పరీక్షకు తట్టుకోవాలి. సోఫాకు ఆ సంగతి తెలిపే చీటీ ఊడిపోకుండా ఉండాలి. పాతది అమ్మినా, సెలవులకు అద్దెకిచ్చే ఇంట్లో వేసినా అదే నియమం. 1950కి ముందు తయారైనవాటికి మాత్రం మినహాయింపు ఉంది.

మన పాత సామాను కొట్లలో అటువంటి చీటీ కోసం వెదకి లాభం లేదు. సోఫా తిరగవేసి అడుగు గుడ్డ విప్పించి చూడండి. ఫోము పొడిపొడిగా రాలుతున్నా, చిరుగుల్లోంచి బయటపడుతున్నా ఎంత చవకైనా వదిలేయండి. చట్రం గట్టిదైతే ఫోము తీసివేయించి వడ్రంగిచేత చెక్క వేయించుకోవచ్చు. పైన కొత్త రెక్సిన్ తొడిగినంత మాత్రాన లోపలిది మారదు సుమండీ!

దూది పరుపు సంగతి వేరు. అది ఫోములా భగ్గుమనదు గాని, నిప్పురవ్వ పడితే గంటల తరబడి లోలోపల రాజుకొని అర్ధరాత్రి పొగ లేపుతుంది. మన డెల్టాలో దోమల చక్రం లేనిదే కునుకు పట్టదాయె! దానిని మంచం క్రిందకు నెట్టే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. ఇసుక పోసిన పళ్ళెంలో, మంచానికి, దోమతెరకు దూరంగా పెట్టి, అతిథికి ఆ చోటు మీరే చూపండి.

కొత్త ఇల్లు కట్టినవాడు మిద్దెకు పిట్టగోడ కట్టించాలని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో ఉన్నది. పడేవాడు మనవాడా, పరాయివాడా అనే భేదం అక్కడ లేదు.

2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాదులో ఒక లాడ్జి క్రింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో మంటలు లేచి, పొగ పై గదులకు ఎక్కి 8 మంది మరణించారు. కాబట్టి మిగిలిన పరుపులు, విరిగిన కుర్చీలు మెట్ల క్రింద పోగువేయకండి. పై వాటాకు అదొక్కటే దారి కదా! రాత్రి క్రింది గేటుకు తాళం వేసి చెవి మీ దిండు క్రింద పెట్టుకుంటే పైవారు ఎటు పోగలరు? పాత ఫ్రిజ్, టేబుల్ ఫ్యాను ఎలక్ట్రీషియను చూడనిదే ప్లగ్గులో పెట్టవద్దు.

అగ్నిమాపక కేంద్రం నంబరు 101, ఊరి పేరు, ఇంటికి గుర్తు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ వ్రాసి గది తలుపు వెనుక అంటించండి. పొరుగూరి మనిషికి తానున్న చోటు ఫోనులో చెప్పడం చేతకాదు.